ఐసీయూలో రోగి వయసు, నర్సు పనిభారం: గచ్చిబౌలి నేపథ్యం

ఐసీయూలో ఒక రోగిని 24 గంటలు కనిపెట్టుకుని ఉండడానికి నర్సులు పెట్టే సమయాన్ని, శ్రమను కలిపి నర్సింగ్ పనిభారం అంటారు. మందులు ఎక్కించడం, మానిటర్ చూడడం, రక్తనమూనాలు తీయడం, ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పడం, ఇంటివాళ్లతో మాట్లాడడం, చేసిందంతా రాసిపెట్టడం దీని కిందికే వస్తాయి. రోగి వయసు పెరిగేకొద్దీ ఈ భారం పెరుగుతుందా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. ముసలితనం పనిని పెంచుతుంది. అయితే ఆ పెరిగిన పనిలో ఎక్కువ భాగం యంత్రాల దగ్గర కనబడదు, మంచం పక్కన కనబడుతుంది. యంత్రాలను చూసి నర్సులను కేటాయించే ఆసుపత్రిలో అది లెక్కకే రాదు.

హైదరాబాదు పడమటి వైపు, రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో ఉన్న గచ్చిబౌలి ఈ విషయాన్ని దగ్గరగా చూడడానికి తగిన చోటు. 1974లో ఏర్పడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, 1998లో వచ్చిన ట్రిపుల్ ఐటీ, అదే ఏడాది మాదాపూర్‌లో లేచిన సైబర్ టవర్స్, ఆ తర్వాత నానక్‌రామ్‌గూడ దాకా పరుచుకున్న కంపెనీలు ఇక్కడికి పాతికేళ్ల పిల్లలను లక్షల్లో తీసుకొచ్చాయి. ఆ పిల్లలకు ఇప్పుడు నలభై, యాభై ఏళ్లు. కరీంనగర్ నుంచో, ఖమ్మం నుంచో, గుంటూరు నుంచో వచ్చిన అమ్మానాన్నలు వాళ్లతో పాటు పదిహేనో అంతస్తులో ఉంటున్నారు. గుండె పట్టేసినా, పక్షవాతం వచ్చినా, న్యుమోనియా ముదిరినా వాళ్లను తీసుకెళ్లేది ఈ చుట్టుపక్కల ఉన్న పెద్ద ఆసుపత్రులకే. నానక్‌రామ్‌గూడలో 2013లో మొదలైన కాంటినెంటల్, డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి నడిపిస్తున్న ఏఐజీ అలాంటివి. బయట రోడ్డంతా పడుచువాళ్లదే. లోపల ఐసీయూలో మాత్రం తల నెరిసినవాళ్లు కనబడతారు.

2011 జనగణనలో దేశ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు 8.6 శాతం, అంటే పది కోట్ల పైచిలుకు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2050 నాటికి ఈ వాటా 20.8 శాతానికి చేరుతుంది. ఐసీయూ మంచాలకు ఈ మార్పు అందరికంటే ముందే తెలుస్తుంది.

కొలతల కథ

ఐసీయూ పుట్టిందే మనిషి పక్కన మనిషి కూర్చోవడంతో. 1952లో కోపెన్‌హేగెన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు, ఊపిరి ఆగిపోతున్న రోగుల గొంతులో గొట్టం పెట్టించి, వైద్యవిద్యార్థుల చేత రాత్రింబవళ్లు చేత్తో సంచి నొక్కించి ఊపిరి పోయించాడు. అలా వంతులు వేసుకుని పనిచేసినవాళ్లు పదిహేను వందల మంది దాకా ఉంటారని అంచనా. యంత్రం తర్వాత వచ్చింది. వచ్చాక లెక్క యంత్రం చుట్టూనే తిరిగింది.

1974లో బోస్టన్‌లో కల్లెన్ బృందం తయారుచేసిన టిస్ అనే పట్టిక, రోగికి చేస్తున్న చికిత్సలను లెక్కించి మార్కులు వేసేది. గొట్టాలు, పంపులు, సూదులు ఎంత ఎక్కువైతే అంత పని అని దాని అంచనా. 1996లో దాన్ని 28 అంశాలకు కుదించారు. ఇక్కడే ముసలివాళ్లకు అన్యాయం జరిగింది. తొంభై ఏళ్ల రోగికి చాలాసార్లు తక్కువ దూకుడుగా చికిత్స చేస్తారు. చికిత్స తగ్గితే మార్కులు తగ్గుతాయి, మార్కులు తగ్గితే నర్సుకు పని తక్కువని కాగితం మీద తేలుతుంది. ఆ రోగిని గంటగంటకూ చూసుకున్న నర్సు నడుం నొప్పికి ఆ కాగితంలో చోటు లేదు.

వయసుకు నేరుగా మార్కులు వేసే పట్టిక కూడా ఉంది. 1985లో క్నౌస్ అనే అమెరికన్ వైద్యుడి బృందం రూపొందించిన అపాచీ-2 ప్రకారం 44 ఏళ్ల లోపు రోగికి సున్నా, 75 దాటినవారికి 6 మార్కులు. కానీ అది చెప్పేది రోగి ప్రాణానికి ముప్పు ఎంత అని. నర్సుకు పని ఎంత అని కాదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడడం ఆసుపత్రుల్లో మామూలైపోయింది. ప్రాణం మీదికి వచ్చిన కుర్రవాడికి నర్సు పని ఒక మోస్తరుగానే ఉండొచ్చు. గండం గడిచిన ముసలాయనకు రెండింతలు ఉండొచ్చు.

పనిని పనిగా కొలవడం 2003లో వచ్చిన నర్సింగ్ యాక్టివిటీస్ స్కోర్‌తో మొదలైందని చెప్పొచ్చు. డినిస్ హేస్ మిరాండా బృందం 15 దేశాల్లోని 99 ఐసీయూలలో నర్సులు ఏ పనికి ఎంత సేపు వెచ్చిస్తున్నారో గమనించి దీన్ని తయారుచేసింది. ఇందులో 23 అంశాలున్నాయి. నర్సు సమయంలో 81 శాతాన్ని ఇది పట్టుకోగలిగితే, పాత టిస్-28 పట్టుకున్నది 43 శాతమే. 100 మార్కులంటే రోజంతా ఒక నర్సు పూర్తిగా ఆ ఒక్క రోగికే కావాలని అర్థం. ఆ లెక్కన ఒక్కో మార్కు 14.4 నిమిషాలు.

ఈ పట్టికలో ఊపిరి యంత్రానికి 1.4 మార్కులు, అంటే 20 నిమిషాలు. రక్తపోటు నిలబెట్టే మందులకు 1.2. రోగిని ఇద్దరు నర్సులు కలిసి తిప్పాల్సి వచ్చినా, రోజుకు మూడుసార్లకు మించి తిప్పినా 12.4. ముగ్గురు పట్టాల్సివస్తే 17. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం వంటి శుభ్రత పనులు ఒక షిఫ్టులో రెండు గంటలు దాటితే 16.5. కుటుంబంతో మాట్లాడి, సముదాయించి, చెప్పిందే చెప్పడానికి ఒక షిఫ్టులో మూడు గంటలు పడితే 32. మొత్తం పట్టికలో అన్నిటికంటే పెద్ద అంకె ఇదే.

రోగి వయసుకు ఇందులో గడి లేదు.

ఇద్దరు రోగులు

మాటవరసకు ఇద్దరు రోగులను అనుకుందాం. మొదటివాడు 36 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తీవ్రమైన న్యుమోనియాతో వెంటిలేటర్ మీద, మత్తులో ఉన్నాడు. గంటగంటకూ పరీక్షలు, రక్తనమూనాలు, మందులు, మామూలు శుభ్రత, రోజుకు మూడుసార్లు తిప్పడం, ఇంటివాళ్లతో గంట మాట్లాడడం, రాతపని, వెంటిలేటర్, గొంతు గొట్టం సంరక్షణ, ఊపిరితిత్తుల చికిత్స, రక్తపోటు మందు, మూత్రం కొలత, ముక్కు గొట్టం ద్వారా ఆహారం. పట్టిక ప్రకారం కూడితే 49.3 వస్తుంది. అంటే ఒక నర్సు ఇలాంటి రోగులను ఇద్దరిని చూడగలదు.

రెండో రోగి 82 ఏళ్ల పెద్దావిడ. అదే న్యుమోనియా. వెంటిలేటర్ లేదు, ఆక్సిజన్ మాస్కు ఉంది. రాత్రి సంధి వచ్చి మాస్కు పీకేస్తోంది, మంచం దిగబోతోంది. కాబట్టి ఒక షిఫ్టులో రెండు గంటలకు పైగా నర్సు పక్కనే నిలబడాలి (12.1). శుభ్రతకు 16.5, ఇద్దరు పట్టి తిప్పడానికి 12.4. పరీక్షలు, మందులు, రాతపని, ఆక్సిజన్, ఊపిరితిత్తుల చికిత్స, మూత్రం కొలత, గొట్టం ఆహారం మామూలే. కుటుంబంతో మాటలకు గంట చాలితే మొత్తం 73.2. ఆ మాటలు మూడు గంటలు దాటితే 101.2. ఆమెకు ఒక పూర్తి నర్సు కావాలి.

మన ఆసుపత్రుల్లో నడిచే లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణం వెంటిలేటర్ మీద ఉన్న రోగికి 1:1, వెంటిలేటర్ లేని రోగులు ఇద్దరికి ఒక నర్సు. ఆ ప్రకారం యువకుడికి పూర్తి నర్సు దొరుకుతుంది, పెద్దావిడకు సగమే దొరుకుతుంది. భారత నర్సింగ్ మండలి ప్రమాణం ఇంకా మేలు. ఐసీయూలో ప్రతి షిఫ్టుకూ 1:1, పైగా సెలవుల కోసం 30 శాతం అదనం ఉండాలంటుంది. ఆ ప్రమాణాన్ని అక్షరాలా పాటిస్తే ఈ వ్యాసానికి అవసరమే తగ్గిపోతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పై ఉదాహరణలో వయసులు తారుమారు చేసినా మార్కులు మారవు. ముప్ఫై ఆరేళ్ల కుర్రవాడికి సంధి వచ్చినా అదే పని. వయసు స్వయంగా పని కాదు. ఏ రోగిలో ఏ పని పుడుతుందో ముందే ఊహించడానికి అదొక గుర్తు మాత్రమే. సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కాతియా గ్రిల్లో పాదిల్యా వంటి నర్సింగ్ పరిశోధకులు బ్రెజిల్‌లో రోగులను పెద్దలు, వృద్ధులు, అతివృద్ధులు అని విడదీసి పోల్చడానికి పూనుకున్నది ఈ సంగతి తేల్చడానికే.

ముసలి ఒంటి దగ్గర పని

ఎనభై దాటిన చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. ప్లాస్టర్ లాగితే దానితోపాటే వస్తుంది. అందుకే అనుభవం ఉన్న నర్సు అంచును నూనెతోనో, తడి దూదితోనో నెమ్మదిగా తడిపి, చర్మాన్ని రెండో చేత్తో అదిమిపట్టి, ప్లాస్టర్‌ను తన మీదికే మడుస్తూ విప్పుతుంది. కుర్రవాడికి పది సెకన్ల పని ఇక్కడ నాలుగైదు నిమిషాలు పడుతుంది. సూది పెట్టడానికి నరం దొరకదు, దొరికినా జారుతుంది, నిలబడ్డా చిట్లుతుంది.

పక్కకు తిప్పడం చూడండి. రెండు గంటలకోసారి తిప్పాలన్నది పడకపుండ్లు రాకుండా పాటించే పాత నియమం. మంచానికి చెరోవైపు ఇద్దరు నిలబడతారు. కింద పరిచిన అడ్డదుప్పటిని వేళ్లకు చుట్టుకుని ఒకరు లాగితే ఇంకొకరు వీపు కింద దిండు దూరుస్తారు. మోకాళ్ల మధ్య ఇంకో దిండు. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద మడిచిన దుప్పటి. చెవి మడతపడిందేమో, ఆక్సిజన్ గొట్టం చెంపకు ఒరుసుకుంటోందేమో చూడాలి. మూత్రపు గొట్టం తొడ కింద నలిగిందేమో చూడాలి. తుంటి ఎముక విరిగిన మనిషైతే ముగ్గురు కావాలి. అంతా సర్ది చేతులు కడుక్కునేసరికి ఆమె మూలుగుతుంది, దాహమంటుంది. తడి గుడ్డతో పెదాలు తడపాలి.

మన పెద్దవాళ్ల ఒంటి మీద ఉండే వస్తువులు కూడా పనే. ఐసీయూలోకి రాగానే నగలు తీసి ఇంటివాళ్లకు అప్పగించి సంతకం తీసుకుంటారు. ఉబ్బిన కాళ్లకున్న మెట్టెలు రావు. భర్త బతికుండగా పసుపుతాడు తీయనని పట్టుబట్టిన అమ్మకు కూర్చుని నచ్చజెప్పాలి. ఆ పది నిమిషాలు ఏ చార్టులోనూ పడవు. కట్టుడుపళ్లు పేరు రాసిన డబ్బాలో పెట్టాలి. చెవి మిషను పోతే వేలల్లో నష్టం. అంతకంటే పెద్ద నష్టం, అది లేకపోతే ఆమెకు ఏం చెప్పినా వినబడదు. కళ్లజోడు లేకపోతే ఎదుటనున్నది నర్సో కోడలో తెలియదు. ఆ అయోమయంలోంచే సగం సంధి పుడుతుంది.

సంధి, అంటే డాక్టర్లు డెలీరియం అనేది, ఐసీయూ వృద్ధుల్లో అన్నిటికంటే ఎక్కువ నర్సు సమయాన్ని తినేవాటిలో ఒకటి. దాన్ని గుర్తుపట్టడానికి 2001లో వెస్లీ ఈలీ బృందం తయారుచేసిన పరీక్ష చాలా దేశాల్లో వాడుకలో ఉంది. వరుసగా ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ ‘ఎ’ వినబడినప్పుడల్లా చెయ్యి నొక్కమంటారు. బడి ముఖం చూడని పెద్దమ్మకు ‘ఎ’ అంటే ఏమిటి? ఆమె నొక్కకపోతే అది సంధి అవుతుందా? బొమ్మలతో చేసే రూపం ఒకటి ఉంది. అది చేయడానికి తీరిక, ఆమె భాష, రెండూ కావాలి. నర్సుకు పక్కన నిలబడే వీలు లేనప్పుడు రోగి చేతులు మంచానికి కట్టేయడం చాలాచోట్ల జరుగుతుంది. కట్టిన చేతులు సంధిని ఇంకా రేపుతాయి. నర్సుల కొరత తిరిగి తిరిగి ఆ ముసలి మణికట్టు మీదే పడుతుందని తెలిసినవాళ్లెవరూ ఆ కట్టును చూసి ఊరుకోలేరు.

భాష సంగతి విడిగా చెప్పాలి. హైదరాబాదు ఆసుపత్రుల్లో మలయాళీ నర్సులు ఎప్పటినుంచో ఉన్నారు. ఇప్పుడు ఈశాన్య రాష్ట్రాల పిల్లలూ వస్తున్నారు. వాళ్లు నేర్చుకునే తెలుగు ‘నొప్పి ఉందా’, ‘ఊపిరి గట్టిగా పీల్చండి’, ‘తిరగండి’తో మొదలవుతుంది. రోగి మాత్రం ‘పాణం గుంజుతాంది బిడ్డా’ అంటుంది, ‘దమ్మొస్తాంది’ అంటుంది. కోస్తా నుంచి వచ్చినావిడ అదే బాధను ‘ఆయాసంగా ఉందమ్మా’ అంటుంది. మూడు మాటలూ నర్సును పరుగెత్తించాల్సినవే. మొదటి రెండూ అర్థం కావడానికి ఆయాను పిలవాలి. ఇరవై మూడు అంశాల్లో భాషకు కూడా గడి లేదు.

రాత్రి తొమ్మిదింటి ఫోను

కుటుంబంతో మాట్లాడడమనే ఆ ముప్ఫై రెండు మార్కుల అంశం గచ్చిబౌలిలో ప్రత్యేకమైన రూపం తీసుకుంది. ఇక్కడి వృద్ధుల పిల్లల్లో ఒకరు ఇక్కడ, ఒకరు అమెరికాలో ఉండడం మామూలు. వేసవిలో ఇక్కడ రాత్రి 9 అయితే డాలస్‌లో ఉదయం పదిన్నర. అక్కడ పగలు మొదలయ్యేసరికి ఇక్కడ నైట్ డ్యూటీ నర్సు హ్యాండోవర్ తీసుకుని అప్పుడే మంచాల చుట్టూ తిరుగుతుంటుంది. కన్సల్టెంట్ డాక్టరు ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. వీడియో కాల్‌లో కొడుకు ‘సిస్టర్, మా నాన్న కళ్లు తెరిచాడా? యూరిన్ ఎంత వచ్చింది?’ అని అడుగుతాడు. ఇక్కడున్న చెల్లికి మధ్యాహ్నమే చెప్పిన మాట అతనికి మళ్లీ చెప్పాలి. సియాటిల్‌లో ఉన్న కూతురికి ఇంకోసారి. ముగ్గురికీ ఒకేలా చెప్పాలి, మాట తేడా వస్తే పొద్దున్నే గొడవ. ఇది చిన్న పని కాదు, కాలక్షేపం అసలే కాదు. దూరాన ఉన్న పిల్లల గుబులును మోసేది ఆ రాత్రి నర్సే.

వయసు ఎక్కువైతే ఈ సంభాషణ కూడా బరువెక్కుతుంది. వెంటిలేటర్ పెట్టాలా వద్దా, పెడితే ఎన్నాళ్లు, ఇంటికి తీసుకెళ్లిపోదామా. పరోక్ష కారుణ్య మరణానికి, ముందస్తు వీలునామాకు సుప్రీంకోర్టు 2018లో చట్టబద్ధత కల్పించి, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. నిర్ణయం డాక్టరు చెబుతాడు. చెప్పి వెళ్లాక ‘ఆయనేమన్నారు సిస్టర్?’ అని కుటుంబం అడిగేది నర్సును.

2020లో ఈ భారం ఎంతవరకు పోగలదో గచ్చిబౌలి చూసింది. క్రీడాగ్రామంలో ఆటగాళ్ల కోసం కట్టిన భవనాన్ని ఆ ఏడాది ఏప్రిల్‌లో 1,500 పడకల కొవిడ్ ఆసుపత్రిగా మార్చి తెలంగాణ వైద్య విజ్ఞాన, పరిశోధన సంస్థ అని పేరుపెట్టారు. అందరూ టిమ్స్ అన్నారు. కొవిడ్ వార్డుల్లోకి కుటుంబాన్ని రానివ్వని రోజులవి. అన్నం కలిపి పెట్టే కూతురు, వీపు నిమిరే భార్య, మూత్రానికి లేపే కొడుకు చేసే పనులన్నీ ఒక్కసారిగా నర్సు మీద పడ్డాయి, అదీ ఒంటినిండా కిట్ తొడుక్కుని చెమట కారుతుండగా. మామూలు రోజుల్లో అటెండర్లుగా ఉన్న ఇంటివాళ్లు ఎంత నర్సింగ్ పని చేస్తున్నారో అప్పుడు తెలిసొచ్చింది.

వయసు రెండో కొస గురించి క్లుప్తంగా: నెలలు నిండని పసికందుల ఐసీయూలో మందు మోతాదు గ్రాముల బరువును బట్టి మారుతుంది, ఒక్క చుక్క తేడా ప్రమాదం, పైగా తల్లికి పాలు పితకడం నేర్పాలి. పని బరువు అక్కడా పెద్దదే. నడివయసు రోగి రెండు కొసల మధ్య కొంత తేలిక.

జీతం, బిల్లు, పటుత్వం

2014లో లాన్సెట్ పత్రికలో లిండా ఐకెన్ బృందం ప్రచురించిన అధ్యయనం తొమ్మిది ఐరోపా దేశాల్లో శస్త్రచికిత్స చేయించుకున్న 50 ఏళ్లు పైబడినవారు నాలుగు లక్షల మందిని పరిశీలించింది. ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరిగింది. ఇది వార్డుల లెక్క. ఐసీయూ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కాలిఫోర్నియా రాష్ట్రం ఒక నర్సుకు ఇద్దరు ఐసీయూ రోగులకు మించకూడదని చట్టమే చేసింది. మన దగ్గర ప్రమాణాలున్నాయి, వాటిని తప్పితే పట్టుకునే చట్టం ఆ స్థాయిలో లేదు.

జీతాలదీ అదే దారి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మీదట వేసిన కమిటీ, యాభై లోపు పడకలున్న ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటిన చోట ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. అమలు రాష్ట్రాల చేతుల్లో ఉండిపోయింది. ఈలోగా తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్, జపనీస్ నేర్పి నర్సులను విదేశాలకు పంపుతోంది. వెళ్లడం వాళ్ల హక్కు, వెళ్లినవాళ్ల కుటుంబాలు బాగుపడుతున్నాయి. ఇక్కడ మిగిలేది ముసలి నరం పట్టుకోవడం ఇంకా చేతికి రాని పిల్లలు.

బిల్లులో నర్సింగ్ చార్జీ సాధారణంగా రోజుకింత అని ఒకే వరుసలో ఉంటుంది. మత్తులో ఉన్న ఇరవై ఏళ్ల వాడికీ, సంధిలో ఉన్న ఎనభై ఏళ్ల ఆమెకూ అదే వరుస. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు దాటిన అందరికీ ఏడాదికి 5 లక్షల దాకా వర్తింపజేశారు. వృద్ధులు ఐసీయూ గడప తొక్కడం దీనితో సులువవుతుంది, అవాల్సిందే. వాళ్లను తిప్పే చేతుల సంఖ్య గురించి ఆ పథకం మాట్లాడదు.

వయసుకంటే నమ్మదగిన కొలత ఒకటి అందుబాటులో ఉంది. కెనడాలో కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో ఏడు మెట్లతో ప్రచురించి, తర్వాత తొమ్మిదికి పెంచిన పటుత్వ కొలమానం అది. జబ్బు చేయడానికి రెండు వారాల ముందు మనిషి ఎలా ఉండేవాడని ఇంటివాళ్లను అడుగుతారు. బజారుకు తనే వెళ్లేవాడా? స్నానం తనే చేసేవాడా? కర్ర పట్టుకునేవాడా? ఐదు నిమిషాల్లో అంకె తేలుతుంది. ఐరోపాలో 80 దాటిన ఐదు వేల మంది ఐసీయూ రోగులపై 2017లో వచ్చిన అధ్యయనంలో పటుత్వం కోల్పోయినవారు 43 శాతం. మిగతావారు అదే వయసులో ఉండి కూడా కోల్పోనివారు. పొలానికి రోజూ నడిచి వెళ్లే ఎనభై ఏళ్ల తాత, గదిలోంచి కదలని అరవై అయిదేళ్ల పెద్దాయన కంటే నర్సుకు తేలిక. చేర్చుకునే వేళే ఈ అంకె, కళ్లజోడు, చెవి మిషను, మాట్లాడే యాస రాసుకుంటే రాత్రి ఆ మంచానికి ఎంతమంది కావాలో సాయంత్రమే తెలుస్తుంది.

చాలా ఐసీయూల్లో నర్సులు దీన్ని కాగితం లేకుండానే చేస్తున్నారు. షిఫ్టు మారే వేళ హ్యాండోవర్‌లో పంపులు, మందులు, ఇన్‌పుట్ అవుట్‌పుట్ అన్నీ చెప్పాక, వెళ్లే నర్సు మంచం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించి చెబుతుంది: ‘అమ్మకు ఎడమ చెవి వినబడదు, కుడివైపు నుంచి పిలువు. చేతులు కట్టకు, పక్కన కూర్చుంటే పడుకుంటుంది.’